ఒక్కో మీటరుకు కాంటూరు గీశాం, నీళ్ళు మాత్రం అటు పోవట్లేదు: మండలం ఎత్తుల పటం గురించి

నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీ మండలంలో గొలుసుకట్టు చెరువులున్నాయి. ఏ చెరువు నిండితే నీళ్ళు ఏ కుంటకు పోతాయో చూపించే ఎత్తుల పటం గీయాలని మీ యువజన సంఘం అనుకుంది. ఉచితంగా దొరికే శాటిలైట్ ఎత్తుల డేటా దించుకుని, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఒక్కో మీటరుకు ఒక కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీశారు. ఆ పటం ప్రకారం పెద్ద చెరువు మత్తడి (చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లే చోటు) దూకిన నీళ్ళు తూర్పు కుంటకు పోవాలి. ఊళ్ళో పెద్దవాళ్ళేమో ఎప్పుడూ దక్షిణం కుంటకే పోయాయి అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, మండలం మొత్తానికి సరైన పటం ఎలా తయారు చేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. పెద్దవాళ్ళ మాటే నమ్మండి. మీరు వాడిన డేటాలో ఒక మీటరు తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్‌ని అడిగితే పది సెంటీమీటర్లకు ఒక గీత కూడా గీసి ఇస్తుంది, కానీ ఆ గీతలు నేల మీద ఉండవు. మండలం మొత్తానికి పటం కావాలంటే అదే డేటాతో 10 లేదా 20 మీటర్ల కాంటూర్లు గీయండి, అది పనికొస్తుంది. మత్తడి నీళ్ళు ఎటు పోతాయనేది తేల్చాలంటే మాత్రం ఎత్తు తేడాలు చూసే లెవల్ మిషను, స్టాఫు (కొలత అంకెలున్న కర్ర) పట్టుకుని అక్కడికి వెళ్ళాల్సిందే. ఇవి రెండూ వేరు వేరు పనులు. ఒకే పటంతో రెండూ అయిపోవాలనుకోవడం వల్లే మీకు ఈ చిక్కు వచ్చింది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా నీటిపారుదల పనుల సర్వేలో ఉన్నాను. కొంత కాలం పాలమూరు మెట్టలో, కొంత కాలం కృష్ణా డెల్టాలో. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీ పటం ఎందుకు తప్పింది

మీరు దించుకున్నది ఎస్‌ఆర్‌టీఎం డేటా అని రాశారు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా వ్యోమనౌక 11 రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో కొలిచిన ఎత్తులవి. అందులో నేలంతా సుమారు 30 మీటర్ల గడులుగా ఉంటుంది. ఒక్కో గడికి ఒక్కటే ఎత్తు. ఇప్పుడు మీ చెరువు మత్తడిని తలచుకోండి. చిన్న చెరువు మత్తడి పొడవు ఇరవై ముప్పై మీటర్లు ఉంటే గొప్ప. అంటే మత్తడి, దాని పక్కన కట్ట, కట్ట మీద తుమ్మ చెట్లు, ముందున్న నీళ్ళు, వెనకున్న పల్లం అన్నీ కలిసి ఒకటో రెండో గడుల్లో సర్దుకోవాలి. ఆ గడికి వచ్చిన అంకె మత్తడి ఎత్తూ కాదు, కట్ట ఎత్తూ కాదు. అన్నీ కలిపిన సగటు లాంటిది. నీళ్ళు ఎటు దూకాలో నిర్ణయించే ఆ జానెడు తేడా అందులో ఎప్పుడో కలిసిపోయింది.

మత్తడి కింద పారే మూడు మీటర్ల కాలువ సంగతీ అంతే. ముప్పై మీటర్ల గడిలో అది కనపడదు. పైగా గొలుసుకట్టు చెరువుల్లో చాలా చోట్ల నీళ్ళు వాటంతట అవి పోయిన దారిన వదిలేయలేదు. పాతకాలం వాళ్ళు చిన్న కోత కోసి, పక్క వాలు మీదుగా తిప్పి, కింది కుంటకు చేర్చారు. నేల వాలు తూర్పుకు ఉన్నా నీళ్ళు దక్షిణానికి పోవచ్చు, మనిషి తవ్వాడు కాబట్టి. ఆ కోత ఎక్కడుందో శాటిలైట్‌కు తెలియదు, అక్కడ మడి దున్నిన మనిషికి తెలుసు.

ఇంకో సంగతి, ఆ కొలత పాతికేళ్ళ కిందటిది. ఆ తర్వాత మీ మండలంలో రోడ్లు లేచి ఉంటాయి, కొన్ని కుంటలు మాయమై ఉంటాయి, పూడిక తీసి ఉంటారు. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల్లో గుట్టలు కరిగిపోయాయి, పాత డేటాలో ఆ గుట్టలు ఇంకా నిలబడే ఉంటాయి.

చెట్ల సంగతి కూడా చెప్పాలి. రాడార్ దట్టమైన ఆకుల దాకా వచ్చి చాలా వరకు అక్కడి నుంచే వెనక్కి పోతుంది, నేల దాకా పూర్తిగా చేరదు. ఒకసారి కోస్తాలో ఒక కుర్ర ఇంజినీరు శాటిలైట్ కాంటూర్లు చూపించి "సార్, ఇక్కడ ఒక దిబ్బ ఉంది, డ్రెయిన్‌ని తిప్పాలి" అన్నాడు. వెళ్ళి చూస్తే అది సరుగుడు తోట. తోట గట్టు ఎలా ఉందో ఆ "దిబ్బ" అంచు కూడా అచ్చంగా అలాగే నలుచదరంగా ఉంది. మీ పటంలో కూడా అంచులు మరీ తిన్నగా ఉన్న గుట్టలు కనిపిస్తే, అక్కడ జామాయిల్ తోటో మామిడి తోటో ఉందేమో ముందు చూడండి.

ఎంత ఇంటర్వెల్ పెట్టొచ్చు

రెండు కాంటూర్ల మధ్య ఎత్తు తేడాను కాంటూర్ ఇంటర్వెల్ అంటాం. దీన్ని మన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోకూడదు. 1947లో అమెరికా వాళ్ళు పెట్టుకున్న మ్యాపుల ప్రమాణం ఒకటుంది, నాకు అది ఇప్పటికీ బాగా నచ్చుతుంది: పటం మీద పరీక్షించిన చోట్లలో పదిలో తొమ్మిదింటి ఎత్తు, ఇంటర్వెల్‌లో సగం కంటే ఎక్కువ తప్పకూడదు. దీన్ని తిరగేసి వాడుకోండి. డేటాలో పదిలో తొమ్మిది చోట్ల తప్పు 4 మీటర్ల లోపు ఉంటుందని తయారుచేసినవాళ్ళు చెబితే, మీ ఇంటర్వెల్ 8 మీటర్ల కంటే తగ్గకూడదు. గుండ్రంగా 10 పెట్టుకోండి. తప్పు 8 మీటర్లయితే 16, అంటే 20 పెట్టుకోండి.

యూరప్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల డేటాకు వాళ్ళు ఇచ్చే హామీ ఆ 4 మీటర్లే. మన కార్టోశాట్-1 (2005లో శ్రీహరికోట నుంచి వెళ్ళింది) చిత్రాల నుంచి తీసిన కార్టోడెమ్‌కు 8 మీటర్లు. ఎస్‌ఆర్‌టీఎం మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న లక్ష్యం 16 మీటర్లు. మన మైదానాల్లో దాని తప్పు అంత దూరం పోదు, కానీ ఒక మీటరు గీతలు గీసుకునేంత మంచిదీ కాదు. అందుకని మీకు నా సలహా, ఎస్‌ఆర్‌టీఎం పక్కన పెట్టి కోపర్నికస్ తీసుకుని 10 మీటర్లతో గీయండి.

"మరి 4 మీటర్లు తప్పే డేటాతో వాగులు, గట్లు సరిగ్గా ఎలా వస్తున్నాయి?" అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. పక్కపక్కనున్న గడులు చాలా వరకు ఒకే వైపు తప్పుతాయి. ఊరంతా కలిసి రెండు మీటర్లు పైకి లేచినా ఊళ్ళో మెరక మెరకే, పల్లం పల్లమే. కాబట్టి ఆకారం నమ్మొచ్చు, అంకెలు నమ్మలేం. అదీ ఏటవాలు బాగా ఉన్నచోట మాత్రమే. చదునైన నేల మీద ఆకారం కూడా చెదిరిపోతుంది.

చదును నేల ఎంత కఠినమైందో కొల్లేరును చూస్తే తెలుస్తుంది. మా వైపు బడి మొహం చూడని చేపల చెరువు కూలీ కూడా "ప్లస్ ఐదు కాంటూరు" అంటాడు. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దుగా తీసుకున్నది సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తులో పోయే కాంటూరును. దాని లోపల 308 చదరపు కిలోమీటర్లు. దాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో అప్పటి శాసనసభ తీర్మానం చేసింది. అయిదుకూ మూడుకూ తేడా రెండడుగులు, అంటే 61 సెంటీమీటర్లు. ఆ రెండడుగులు దిగితే సగం విస్తీర్ణం కూడా మిగలదు. ఎన్ని ఊళ్ళ బతుకు, ఎన్ని వేల ఎకరాల చేపల చెరువులు, ఎంత పక్షి ఆ రెండడుగుల మధ్యలో ఉన్నాయో చూడండి. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు ఆ గీత ఎక్కడ పోతుందన్నదే అక్కడ ప్రతి ఇంటి గొడవ. అలాంటి చోట 4 మీటర్లు తప్పే శాటిలైట్ డేటా తెచ్చి కాంటూరు గీస్తే దాన్ని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మీ మండలం కొల్లేరంత చదును కాదు. కానీ మీ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) కూడా ఒక కాంటూరే అని గుర్తుపెట్టుకోండి. చెరువు లోపలి వాలు 200కు 1 ఉంటే, ఎత్తులో 30 సెంటీమీటర్ల తప్పు హద్దును 60 మీటర్లు జరుపుతుంది. ఒక పేద రైతు మడి మొత్తం శిఖంలోకి (చెరువు లోపలి భూమిలోకి) పోవడానికి అది చాలు. అందుకే శాటిలైట్ కాంటూరు చూపించి "ఇది ఎఫ్‌టీఎల్" అని ఊళ్ళో ఎవరితోనూ వాదన పెట్టుకోకండి, దయచేసి.

సముద్రమట్టం దగ్గర జాగ్రత్త

ఎత్తు అంటే దేని నుంచి ఎత్తు? దీని మీద నేను చూసినన్ని గొడవలు మరి దేని మీదా చూడలేదు. మన దేశంలో పాత లెవళ్ళన్నీ 1909లో సర్దిన సముద్రమట్టం మీద ఆధారపడ్డాయి. విశాఖపట్నం, మద్రాసుతో కలిపి తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు కొలిచి దాన్ని నిర్ణయించారు. జీపీఎస్ ఆ సముద్రమట్టాన్ని ఎరగదు. అది ఎలిప్సాయిడ్ అనే నున్నటి లెక్కల భూమి నుంచి కొలుస్తుంది. శ్రీలంకకు దక్షిణాన సముద్రం ఆ లెక్కల భూమి కంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగి ఉంటుంది, ప్రపంచంలోకెల్లా లోతైన గుంట అది. ఆ ప్రభావం మన దాకా ఉంది. హైదరాబాద్ దగ్గర ఈ రెండు ఎత్తులకూ తేడా సుమారు 75 మీటర్లు. సవరణ లేని జీపీఎస్‌తో కోస్తాలో నిలబడి చూస్తే మైనస్ అంకెలు వస్తాయి, మిషను పాడైందని చాలామంది కంగారు పడతారు.

ఇస్రో వాళ్ళ భువన్ సైటు నుంచి దించుకునే కార్టోడెమ్‌లో ఎత్తులు ఎలిప్సాయిడ్ మీదివి. ఎస్‌ఆర్‌టీఎం, కోపర్నికస్‌లవి సముద్రమట్టానికి దగ్గరగా సవరించినవి, కానీ ఆ రెండూ వాడిన నమూనాలు వేరు. అందుకని రెండు డేటాల ముక్కలు అతికించి ఒకే పటం ఎప్పుడూ గీయకండి. ఒక పనిలో నేను ఇలాంటి అతుకు చూశాను. పాత అంగుళం షీట్లలో (మైలుకు అంగుళం లెక్కన గీసినవి) కాంటూర్లు 50 అడుగులకు ఒకటి, కొత్త షీట్లలో 20 మీటర్లకు ఒకటి. రెంటినీ కలిపి కంప్యూటర్లో ఎక్కించినవాళ్ళు ఒక షీటు అడుగులను మీటర్లుగా కొట్టారు. షీటు అంచు వెంట కిలోమీటర్ల పొడవున ఒక గోడ లేచింది. అది కంటికి కనిపించింది కాబట్టి సరిపోయింది. రెండు మూడు మీటర్ల తేడా అయితే ఎవరి కంటా పడేది కాదు.

మండలం పటం గీయడానికి నేనైతే ఇలా చేస్తాను

మొదట సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 ఓపెన్ సిరీస్ షీటు వాళ్ళ సైటు నుంచి దించుకోండి. ఒక్కో షీటు ఇటు 27, అటు 27 కిలోమీటర్ల దాకా వస్తుంది, మీ మండలం ఒకటి రెండు షీట్లలో పడుతుంది. మన వైపు షీట్లలో సాధారణంగా 20 మీటర్ల కాంటూర్లు ఉంటాయి. మనుషులు గుట్టలెక్కి, మిషన్లు మోసి మొదలుపెట్టిన పని అది. మీరు కంప్యూటర్లో ఏం గీసినా మొదట దీని పక్కన పెట్టి చూడాలి.

తర్వాత కోపర్నికస్ ముక్క తీసుకుని, డిగ్రీల్లోంచి మీటర్లలోకి మార్చండి. ఇది మరిచిపోతే అడ్డం డిగ్రీల్లో, నిలువు మీటర్లలో ఉండి వాలు లెక్కలన్నీ పిచ్చిగా వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో చాలా భాగం యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోనులో పడుతుంది. 78 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉన్న జహీరాబాద్, ఆదోని, అనంతపురం 43లోకి, తూర్పు కొసన ఇచ్ఛాపురం 45లోకి పోతాయి. మీ మండలం గీత మీద పడితే ఏదో ఒక జోను ఎంచుకుని మొత్తం అందులోనే ఉంచండి.

కాంటూర్లు తీసేముందు డేటాను కొద్దిగా నున్నగా చేయండి, ఎక్కువ వద్దు. లేకపోతే గీతలు గొంగళి పురుగుల్లా వస్తాయి. చిన్న చిన్న ఒంటరి రింగులు వస్తే తీసేయండి. కానీ ప్రతి రింగూ తీసేముందు అక్కడ నిజంగా బోడగుట్ట ఏమైనా ఉందా అని షీటులో చూడండి. మన దగ్గర చదును మధ్యలో ఒంటరిగా లేచిన రాతిగుట్టలు చాలా ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ శుభ్రం చేస్తూ చేస్తూ వాటినీ ఊడ్చేస్తుంది. ప్రతి అయిదో గీతా లావుగా వేయండి. అంకెల తల గుట్ట పైవైపుకు ఉండేలా రాయండి, అప్పుడు చదివేవాళ్ళకు ఎటు ఎక్కుడో వెంటనే తెలుస్తుంది.

రోడ్డు, రైలు కట్టల దగ్గర ఆగి చూడండి. కట్ట కింద తూములోంచి నీళ్ళు పోతాయి, డేటాకు మాత్రం కట్ట ఒక ఆనకట్టలా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అక్కడ లేని చెరువు నింపి, పొంగించి, పక్క దారిన పంపిస్తుంది. మీ ఇంకో ప్రశ్నలో "రైలు కట్ట పక్కన పటంలో చెరువు వస్తోంది, అక్కడ చెరువు లేదు" అన్నారే, అది ఇదే. కల్వర్టులున్న చోట్లు ఫోన్‌లో గుర్తించుకొచ్చి డేటాలో ఆ గడుల ఎత్తు తగ్గించి కట్టను తెగ్గొట్టండి.

చివరికి సరిచూసుకోవడం. షీటులో అంకె వేసి ఉన్న స్పాట్ హైట్లు పదో పదిహేనో తీసుకుని మీ పటంతో పోల్చండి. దగ్గర్లో రైల్వే స్టేషను ఉంటే పేరు బోర్డు కింద సముద్రమట్టం ఎత్తు రాసి ఉంటుంది, అదీ చూడండి. పాత రాతి కల్వర్టుల మీద, పాత ప్రభుత్వ భవనాల మెట్ల మీద బి.ఎం. అని చెక్కిన బెంచ్ మార్కులు (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తులు) ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. అలాంటి రాయి మీ మండలంలో కనిపిస్తే ఫొటో తీసి, దాన్ని ఎవరూ పగలగొట్టకుండా పంచాయతీకి చెప్పండి. రోడ్డు వెడల్పు పనుల్లో అలాంటి రాళ్ళు ఎన్ని పోయాయో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

పటం చదవడం మీకు వచ్చనుకుంటాను, ఒక్కటే చెప్తాను. కాంటూరు వాగును దాటేటప్పుడు మొన తేలి ఎగువకు చూస్తుంది. గట్టును దాటేటప్పుడు ఉబ్బు దిగువకు ఉంటుంది. పిల్లలకు చెప్పేటప్పుడు దీన్ని తిరగేసి చెబుతున్నవాళ్ళను చూశాను.

మత్తడి నీళ్ళు తేల్చడానికి

దీనికి పెద్ద ఖర్చు లేదు. ఆటో లెవల్ ఒకటి అద్దెకు తెచ్చుకోండి. మీ దగ్గర పాలిటెక్నిక్ సివిల్ చదివిన కుర్రాడు ఒకడుంటే చాలు. సముద్రమట్టం ఇక్కడ అక్కర్లేదు. బడి మెట్టో, కల్వర్టు గోడో, కదలని చోటు ఒకటి ఎంచుకుని దాని ఎత్తు 100.000 అనుకోండి. దాన్నే టీబీఎం, అంటే తాత్కాలిక బెంచ్ మార్కు అంటాం.

లెక్క ఒకసారి చేసి చూపిస్తాను. బడి మెట్టు మీద స్టాఫు పెట్టి చూస్తే 1.425 వచ్చిందనుకోండి. మిషను చూపు ఎత్తు 101.425. మత్తడి మీద స్టాఫు 0.860 చూపిస్తే మత్తడి ఎత్తు 100.565. తూర్పు కుంట దారిలో నేల అన్నిటికంటే పైకి లేచిన చోట స్టాఫు 0.310 చూపిస్తే అక్కడ 101.115. దక్షిణం దారిలో అలాంటి చోటే 1.940 చూపిస్తే 99.485. అంటే తూర్పు దారి మత్తడి కంటే 55 సెంటీమీటర్లు ఎక్కువ, దక్షిణం దారి మీటరు పైన పల్లం. ఇక వాదన ఏముంది? కొత్తవాళ్ళు ఒకచోట పొరబడతారు: స్టాఫు అంకె పెరిగితే నేల కిందికి పోయిందని అర్థం, పైకి కాదు.

ఇక్కడ అన్నీ ఒకే చోట మిషను పెట్టి చూసినట్టు చెప్పాను. నిజంగా చేసేటప్పుడు మిషను చాలాసార్లు జరపాలి. జరిపేటప్పుడు వెనక చూపు (ఎత్తు తెలిసిన చోటి స్టాఫు చూడటం), ముందు చూపు (కొత్త చోటి స్టాఫు చూడటం) దూరాలు సమానంగా ఉంచండి, యాభై అరవై మీటర్లు దాటనివ్వకండి. మిషన్లో చిన్న వంకర ఉన్నా అది కొట్టుకుపోతుంది. స్టాఫు పట్టుకున్న మనిషి నిలువుగా పట్టుకోవాలి, అనుమానముంటే ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపమని చెప్పి అన్నిటికంటే చిన్న రీడింగు తీసుకోండి. మధ్యాహ్నం ఎండలో నేల దగ్గర గాలి నీళ్ళలా కదులుతుంది, అప్పుడు పని ఆపండి. చివర మళ్ళీ బడి మెట్టు దగ్గరికి వచ్చి ముగించాలి. అక్కడ మొదటి ఎత్తుకూ చివర వచ్చిన ఎత్తుకూ ఉన్న తేడాయే ముగింపు తప్పు. మంచి లెవలింగులో ఆ తప్పు, తిరిగిన కిలోమీటర్ల వర్గమూలానికి 12 మిల్లీమీటర్ల రెట్లకు మించకూడదు. నాలుగు కిలోమీటర్లు తిరిగితే 24 మిల్లీమీటర్లు. మీకు రెండింతలు వచ్చినా ఈ పనికి ఫర్వాలేదు, అరమీటరు వస్తే మాత్రం మళ్ళీ చేయాలి.

రెండు చోట్ల ఎత్తులు తెలిస్తే మధ్యలో కాంటూరు ఎక్కడ పోతుందో లెక్క కట్టొచ్చు. ఒకచోట 101.35, ముప్పై మీటర్ల అవతల 102.60 ఉంటే, 102 కాంటూరు మొదటి చోటు నుంచి 15.6 మీటర్ల దగ్గర పోతుంది. మధ్యలో నేల ఒకే వాలున ఉంటేనే ఈ లెక్క నిజం. ఈ "ఒకే వాలు" అనే నమ్మకమే నన్ను ఒకసారి ముంచింది.

అప్పుడు నాకు ఉద్యోగంలో మూడో ఏడో నాలుగో ఏడో. పాలమూరు వైపు ఒక పిల్ల కాలువకు కాంటూరు ప్లాను. పని తొందరగా కావాలని నూరు మీటర్లకు ఒక గడి చొప్పున లెవళ్ళు తీశాం. గడి మూలలన్నీ చక్కగా దిగుతూ వచ్చాయి. ఒక ముసలాయన, ఆయన పొలంలోంచే మా లైను పోతోంది, "ఇక్కడ తిన్నె ఉంది సారూ, నీళ్ళెక్కవు" అన్నాడు. నేను కాగితం చూపించి "లేదు పెద్దాయనా, లెవళ్ళు తీశాం" అన్నాను. కాలువ తవ్వాక చూస్తే రెండు గడి మూలల మధ్య 90 సెంటీమీటర్ల తిన్నె, పైనంతా చేను, కింద రాయి. చివరి ఆయకట్టుకు ఆ ఏడు నీళ్ళు అందలేదు. రాయి కొట్టి సరిచేసేసరికి వానాకాలం పోయింది. తర్వాత నేను ఆయన దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు, చేను గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అప్పటి నుంచి గడి మూలల్లోనే కాకుండా వాలు మారిన ప్రతిచోటా స్టాఫు పెట్టిస్తున్నాను. లెవళ్ళు మొదలుపెట్టే ముందు ఆ పొలాల వాళ్ళతో ఒకసారి గట్లన్నీ నడుస్తాను.

కాలువ పనిలో ఎంత సన్నని తేడాలతో బతకాలో చెప్పడానికి ఒక అంకె చాలు. 5000కు 1 వాలున్న కాలువ కిలోమీటరుకు 20 సెంటీమీటర్లే దిగుతుంది. శాటిలైట్ డేటాలోని 4 మీటర్ల తప్పు అంటే అలాంటి కాలువ ఇరవై కిలోమీటర్లు నడిచి దిగే దిగుడు మొత్తం.

మీ సంఘం పొలాల్లో కందకాలు, కాంటూరు కట్టలు కూడా వేయాలనుకుంటోందని రాశారు. దానికి లెవల్ మిషను కూడా అక్కర్లేదు. మేస్త్రీలు వాడే నీటి గొట్టం, లేదా మూడు కర్రలు కట్టి మధ్యలో దారానికి రాయి వేలాడదీసిన ఏ-ఫ్రేము చాలు. వాటర్‌షెడ్ పనుల్లో ఆడవాళ్ళే ఏ-ఫ్రేము పట్టుకుని కొండవాలు మీద కాంటూరు ఎంతో చక్కగా గీయడం నేను చూశాను.

డ్రోన్ గురించి అడిగారు. బాగా చేస్తే బాగుంటుంది. నేల మీద లెవలింగుతో కొలిచిన గుర్తులు తగినన్ని పెట్టి, చెట్లు ఇళ్ళు తీసేసి, వేసవిలో పంటలు లేనప్పుడు ఎగరేస్తే అరమీటరు కాంటూర్లు వస్తాయి. నేల గుర్తులు లేకుండా ఎగరేసిన డ్రోన్ ఫొటో అందంగా ఉంటుంది, ఎత్తులు మాత్రం గిన్నెలా వంగి ఉంటాయి. ఎవరికైనా డబ్బు కట్టే ముందు "నేల గుర్తులు ఎన్ని, వాటి లెవళ్ళు ఎలా తీశారు" అని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే ఆ డబ్బుతో లెవల్ మిషను అద్దెకు తెచ్చుకోండి.

ఒకసారి చెరువు లోపల కాంటూర్లు వస్తే మీకు ఇంకో మేలు ఉంది. 1770ల్లో స్కాట్లండ్‌లో షిహాలియన్ అనే కొండ బరువు లెక్కకట్టాల్సి వచ్చి, చార్లెస్ హటన్ అనే గణితవేత్త కొండ మీద ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీతలు గీశాడు. నేల మీద కాంటూర్లు వాడిన తొలి పనుల్లో అదొకటి. ఆయన కొండ లెక్క కట్టాడు, మనం అదే పద్ధతిని బోర్లించి చెరువు నీళ్ళు లెక్క కడతాం. 97 కాంటూరు లోపల 6 హెక్టార్లు, 98 లోపల 11 హెక్టార్లు ఉంటే, ఆ మీటరు మందంలో పట్టే నీళ్ళు సగటున 8.5 హెక్టారు-మీటర్లు, అంటే 85,000 ఘనపు మీటర్లు. మన ఇంజినీర్ల లెక్కలో 3 ఎంసీఎఫ్‌టీ (ముప్పై లక్షల ఘనపు అడుగులు). ఇలా అడుగు నుంచి మత్తడి దాకా కూడితే చెరువు కెపాసిటీ వస్తుంది. చెరువు ఎండినప్పుడే తీయాలి. శాటిలైట్‌కు నీళ్ళ పైమట్టమే కనిపిస్తుంది, అడుగు కనిపించదు. పూడిక తీసిన చెరువైతే పాత రికార్డులో ఉన్న కెపాసిటీ కూడా ఇప్పుడు సరిపోదు.

మీ పటం పూర్తయ్యాక మూలలో ఈ నాలుగూ రాయండి: ఏ డేటా, ఏ సంవత్సరపు కొలత, ఎత్తు దేని నుంచి, ఇంటర్వెల్ ఎంత. దాని కిందే "చెరువు హద్దులు, కాలువ పనులకు వాడరాదు" అని పెద్ద అక్షరాలతో వేయండి. మీరు మంచి మనసుతో గీసిన పటం రేపు ఎవరి చేతిలో పడి ఎవరి పొలం మీదికి పోతుందో చెప్పలేం.

వానలు పడకముందే మత్తడి, తూర్పు దారి, దక్షిణం దారి, ఈ మూడు చోట్లా రీడింగులు తీసి, ముగింపు తప్పుతో సహా ఇక్కడ పెట్టండి. పాత కోత ఎక్కడుందో ఆ పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళి చూపించమనండి, అక్కడ కూడా రెండు మూడు రీడింగులు తీయండి. లెక్క నేను చూసి చెప్తాను.